రెండు మంచాలకు ఒకే యంత్రం

జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు బస్సెక్కితే నేను ఎడమవైపు వరసలో, నడిచే దారి పక్కన సీటు దొరికితేనే కూర్చునేదాన్ని. దొరక్కపోతే నిలబడేదాన్ని. నా కుడికాలు మోకాలి దగ్గర వంగేది కాదు. దాన్ని దారిలోకి చాపుకుంటే తప్ప కూర్చోలేను. ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు ఆ కాలికి తగులుకొనేవారు.

“ఏమ్మా, కాలు రోంత లోపలికి తీసుకోరాదా?” అనేవారు.

“వంగదప్పా,” అనేదాన్ని.

మొదట్లో ఎందుకు వంగదో కూడా చెప్పేదాన్ని. తర్వాత ఆ ఒక్క మాటతో సరిపెట్టేదాన్ని. ఇంకొన్నాళ్లకు అదీ మానేసి, చీర కుచ్చిళ్లు దగ్గరికి లాక్కుని కిటికీ వైపు చూసేదాన్ని. పొగరనుకున్నవాళ్లు ఉండే ఉంటారు.

నేను జమ్మలమడుగులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాను. పెళ్లి చేసుకోలేదు. అందుకు చెప్పుకోదగ్గ కారణమేమీ లేదు. సంబంధాలు వచ్చే రోజుల్లో అమ్మ మంచంలో ఉంది, అమ్మ పోయాక సంబంధాలు రాలేదు. తమ్ముడు పులివెందులలో ఉంటాడు. వాడికి చీనీకాయల తోట ఉంది, భార్య ఉంది, ఇద్దరు పిల్లలున్నారు. నాకు అద్దె ఇల్లు, ఒక స్కూటీ ఉండేవి. వాటితో ఏ లోటూ లేకుండా బతుకుతున్నాననే అనుకునేదాన్ని.

ఒకరోజు పొద్దున ఆఫీసు పని మీద స్కూటీలో ప్రొద్దుటూరు పోతుంటే, ఊరి బయట మలుపులో ఎదురుగా వచ్చిన టిప్పరు నన్ను రోడ్డు పక్కకు నెట్టేసింది. కింద పడ్డాక కాలు చూసుకున్నాను. మోకాలికి పైన, తొడ ఉండాల్సిన తీరులో లేదు. ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. ఆ తర్వాత ఎవరో నా తల కింద తువ్వాలు మడిచి పెట్టడం ఒక్కటే గుర్తుంది.

తొడ ఎముక కిందిభాగం ముక్కలైందని ప్రొద్దుటూరు ఆసుపత్రిలో చెప్పారు. ముందు తొడకు బయటినుంచి కడ్డీలు బిగించారు. పుండు మానాక కడ్డీలు తీసి లోపల ప్లేటు, మరలు వేశారు. ఎముక అతకడానికి ఏడాదికి పైగా పట్టింది. అన్నాళ్లూ కాలు చాపే ఉంచాను కదా, అది అలాగే చాచుకుని ఉండిపోయింది. వ్యాయామాలు చేశాను. వేడినీళ్ల కాపడాలు పెట్టాను. తైలం పట్టి లాగేవాడొకడు ఉన్నాడంటే అతని దగ్గరికీ పోయాను. ఒక నారింజపండు మోకాలి కింద పెడితే దొర్లిపోకుండా ఆగేంత వంపు మాత్రం వచ్చింది. అంతకు మించి రాలేదు.

ఆ ఏడాది పులివెందులలో తమ్ముడి ఇంట్లోనే ఉన్నాను. ఇంట్లో అందరూ నన్ను బాగా చూసుకున్నారు. వాళ్లంతా నేలమీద కూర్చుని తినేవారు. నాకు ఒక ప్లాస్టిక్ కుర్చీ, కాలు పెట్టుకోవడానికి ఒక స్టూలు వేసి, పళ్లెం చేతికిచ్చేవారు. మరదలు మధ్యమధ్య తల ఎత్తి “ఇంకొంచెం చారు పోయమంటావా వదినా?” అని అడిగేది. నాకు పైనుంచి వాళ్ల పాపిడులు కనిపించేవి. తమ్ముడికి నడినెత్తిన జుట్టు పలచబడుతోందని ఆ కుర్చీలోంచే చూశాను. వాళ్లు ఏదో చెప్పుకుని నవ్వుతుంటే సగం మాటలు నా దాకా వచ్చేవి కావు. వచ్చినా, నేను నవ్వేసరికి వాళ్ల నవ్వు అయిపోయేది.

చేతికర్ర పట్టుకుని నడవగలిగిన వెంటనే జమ్మలమడుగు పోతానన్నాను.

“ఒక్కదానివి ఆడ ఎట్ల ఉంటావక్కా?” అన్నాడు తమ్ముడు. “ఈడ నీకు ఏం తక్కువ చేసినాం?”

“ఏం తక్కువ చేయల్య. ఉజ్జోగం ఉండాది గదప్పా,” అన్నాను.

వాడు మరుసటి రోజు కారు మాట్లాడి, నన్ను వెనకసీట్లో అడ్డంగా కూర్చోబెట్టి తెచ్చి దింపాడు.

వంగని కాలితో ఒంటరిగా ఉంటే ఏవి కష్టమో ముందుగా ఊహించలేం. వంట కష్టం కాలేదు. ఆఫీసు కూడా కష్టం కాలేదు, బల్ల కింద ఒక అట్టపెట్టె పెట్టుకుని దానిమీద కాలు చాపేదాన్ని. సబ్బు చేజారితే కష్టమయ్యేది. కుడికాలి గోళ్లు తీసుకోవడం మరీ కష్టం. మోకాలు వంగకపోతే మన పాదం మన చేతికి అందదు. పులివెందులలో మరదలు తీసేది. ఇక్కడ ఎవరిని అడగను? పక్కింటావిడ మంచిదే, కూరలు ఇచ్చిపుచ్చుకుంటాం. అయినా నా కాలి గోళ్లు తియ్యమని అడిగేంత చనువు లేదు. గోళ్లు పెరిగి చీర అంచులకు తగులుకునేవి. అలాగే తిరిగాను.

ఆ రోజుల్లోనే ప్రొద్దుటూరు ఆసుపత్రికి కొత్తగా ఒక సర్జన్ వస్తున్నాడని, బిగుసుకుపోయిన మోకాళ్లకు ఆపరేషన్ చేస్తాడని ఆఫీసులో ఎవరో చెప్పారు. పోయాను. నాకంటే చిన్నవాడు. ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత మోకాలి చిప్పను రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ కదిలించబోయాడు. అది కదల్లేదు.

“ఎముక బాగా అతుక్కుందమ్మా. దాంతో పాటు తొడకండ కూడా ఎముకకు అతుక్కుపోయింది. అందుకే కాలు వంగదు. ఎంత లాగినా ఇంక వంగదు,” అన్నాడు.

“మరి?”

“తొడ పక్కన పొడుగునా కోసి ఆ కండను ఎముక నుంచి విడదీయాలి. మోకాలి లోపల పీచు మాదిరి పేరుకున్నదంతా తీసేయాలి. విడదీస్తూ, ఎంత వంగుతుందో చూసుకుంటూ పైకి పోతాం. రక్తం పోతుంది. మచ్చ పెద్దగా ఉంటుంది. కొన్నాళ్లు కాలు పూర్తిగా చాపడం కూడా కష్టంగా ఉండొచ్చు.” ఆయన ఎక్స్‌రే కిందికి దించాడు. “ఆపరేషన్‌తో మా పని అయిపోతుంది. మీ పని మరుసటి రోజు మొదలవుతుంది. రోజూ వంచాలి. నొప్పని ఆపేస్తే మళ్లీ అతుక్కుంటుంది. మీకు తోడు ఎవరున్నారు?”

“తమ్ముడున్నాడు,” అన్నాను.

తమ్ముడు వచ్చాడు. సంతకం పెట్టాడు, రక్తం ఇచ్చాడు. కానీ ఆ వారమే వాళ్ల మామకు గుండెపోటు వచ్చి కడపలో చేర్చారు. మరదలు అక్కడ ఉంది, పిల్లలు ఇంట్లో ఉన్నారు. వాడు ఫోను చేతిలో పట్టుకుని వరండాలో నిలబడి ఉంటే నేనే పొమ్మన్నాను. “ఆపరేషన్ అయినాక వస్తాలేక్కా,” అన్నాడు. అన్నట్టే వచ్చి చూసి, తిరిగి పోయాడు.

నేను ఉన్న గదిలో రెండు మంచాలుండేవి. రెండో మంచంలో పులివెందుల నుంచి వచ్చిన ఒక ముస్లిం అమ్మాయి ఉంది. ముప్పై ఏళ్లుంటాయేమో. తనది ఎడమకాలు. కువైట్‌లో ఒకరి ఇంట్లో పనిచేసేదట. సెలవుకు ఇంటికి వచ్చి, ఆటో బోల్తాపడి తొడ విరగ్గొట్టుకుంది. ఎముక అతికాక తన మోకాలూ నాలాగే బిగుసుకుపోయింది. ఆమె భర్త అక్కడే డ్రైవరు. తోడుగా వాళ్లమ్మ వచ్చింది. తల్లీకూతుళ్లు ఉర్దూలో మాట్లాడుకునేవారు, నా వైపు తిరిగితే తెలుగు. మా ఇద్దరికీ ఆపరేషన్ ఒకే రోజు. పొద్దున తనకు, మధ్యాహ్నం నాకు.

ముందురోజు సాయంత్రం నర్సు వచ్చి మా కాళ్లు చూసింది. “గోళ్లు తీయించుకోండి మేడం, ఇట్ల ఉంటే ఆపరేషన్‌కు ఒప్పుకోరు,” అని పోయింది. నేను సంచిలోంచి నెయిల్ కట్టర్ తీసి చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. ఆ తల్లి కూతురి గోళ్లు తీసి, అలాగే లేచి వచ్చి నా మంచం కాళ్లవైపు కూర్చుంది. నా పాదాన్ని ఒళ్లో పెట్టుకుంది.

“వద్దక్కా, నువ్వెందుకు,” అన్నాను.

“గమ్మునుండమ్మా. రోంత సేపు పనే గదా,” అంది. కొత్తవాళ్ల ఒళ్లో కాలు పెట్టి కూర్చోవడం ఏదోగా అనిపించింది. ఆమె అదేమీ పట్టించుకోలేదు. తీసిన గోళ్లన్నీ కాగితంలో పొట్లం కట్టి బుట్టలో వేసింది.

ఆపరేషన్ బల్ల మీద నాకు మెలకువగానే ఉంది. వెన్నులో సూది వేశారు, నడుము కింద ఏమీ తెలియదు. వాళ్ల మాటలు, సామాన్ల చప్పుడు, ఎవరో గట్టిగా ఏదో తోముతున్నట్టు శబ్దం వినిపించాయి. చాలాసేపు గడిచాక సర్జన్ “అమ్మా, ఇటు చూడండి,” అన్నాడు. అడ్డుగా కట్టిన బట్టను కాస్త దించారు. పచ్చగుడ్డల కింద ఒక మోకాలు నిటారుగా లేచి ఉంది. ఎవరిదో కాలు అనుకున్నాను. నాదని తెలియడానికి కొంచెంసేపు పట్టింది. కళ్లలో నీళ్లు వచ్చాయి. అక్కడ చేతులు కట్టేసి ఉన్నాయి కనుక తుడుచుకోవడానికి లేకపోయింది. మత్తు డాక్టరు గాజుగుడ్డతో తుడిచింది.

మరుసటి రోజు నుంచి అసలు పని మొదలైంది. ఆసుపత్రిలో కాలును దానంతట అదే వంచి చాపే యంత్రం ఒక్కటే ఉంది. కాలును ఊయల లాంటి దానిలో పెట్టి, పట్టీలు బిగించి, మీట నొక్కితే అది మెల్లగా మోకాలిని పైకి లేపుతుంది, మళ్లీ దించుతుంది. ఎంత వంచాలో ముందే పెట్టేస్తారు. ఆ యంత్రాన్ని ఆయా పొద్దున ఆ అమ్మాయి మంచం మీద పెట్టి, మధ్యాహ్నం నా మంచం మీదికి మార్చేది. వెన్నులో పెట్టిన సన్నగొట్టంలోంచి నొప్పి మందు పోతూనే ఉండేది. అయినా యంత్రం పైకి లేచే ప్రతిసారీ కుట్ల దగ్గర ఎవరో నిప్పు పెట్టి లాగినట్టుండేది.

తన వంతు వచ్చినప్పుడు నేను మాట్లాడేదాన్ని. నా వంతు వచ్చినప్పుడు తను మాట్లాడేది. ఎవరూ అలా అనుకోలేదు, అలా కుదిరిపోయింది. యంత్రంలో కాలు ఉన్నవాళ్లకు మాట రాదు కదా.

“అక్కా, కువైట్‌లో మా సేటు వాళ్ల ఇల్లు మూడంతస్తులు,” అని మొదలుపెట్టేది. “పొద్దన లేస్తే మెట్లు ఎక్కుడు దిగుడే పని. కాలు వంగకుంటే వాళ్లు రానీరు. మా ఆయన వేరే ఇంట్లో డ్రైవరు. శుక్రవారం ఒక్క పూటే కలిసేది. సముద్రం కాడ కూర్చుంటాం. ఆయనేమో గమ్మునుంటాడు. నేనే వాగుతాంటా.”

“ఇప్పుడు నాకాడ వాగుతాండావు,” అనేదాన్ని పళ్లు బిగించి.

“మాట్లాడినావు గదా, అయితే నొప్పి తగ్గింది. రోంత పెంచమని చెప్తా ఉండు,” అనేది. వాళ్లమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

సాయంత్రాలు ఫిజియోథెరపిస్టు వచ్చి యంత్రం లేకుండా తన చేతులతో వంచేవాడు. అప్పుడు ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లం కాదు. వాళ్లమ్మ ఒకసారి కూతురి తల పట్టుకునేది, ఇంకోసారి నా తల పట్టుకునేది. ఆయన వెళ్లిపోయాక మా ముగ్గురికీ ఒకే ఫ్లాస్కులోంచి టీ పోసేది. ఆ టీ తాగేటప్పుడు మాకు ఎక్కడలేని ఆకలి వేసేది. ఆమె బన్నులు తెప్పించేది. నా జీవితంలో అంత నొప్పి పడ్డ రోజులు లేవు. అయినా ఆ గదిలో ఉన్నన్ని రోజులు ఇల్లు ఒకసారి కూడా గుర్తు రాలేదు.

కుట్లు విప్పాక ఇద్దరినీ పంపించేశారు. వాళ్లు పులివెందుల పోయారు, నేను జమ్మలమడుగు వచ్చాను. తాళం తీసి లోపలికి అడుగుపెట్టగానే గదిలో మూసిపెట్టిన గాలి వాసన వచ్చింది. ఫ్యాను వేసి మంచం మీద కూర్చున్నాను. ఎవరితోనో ఏదో చెప్పబోయి, ఆపుకున్నాను.

తర్వాత రోజూ సాయంత్రం ఫోనులో కలిసి చేసేవాళ్లం. ఫోనును చెంబుకు ఆనించి నిలబెట్టుకునేదాన్ని. నేను మంచం అంచున కూర్చుని, మంచి కాలిని రెండోకాలి మీద వేసి వెనక్కి నొక్కేదాన్ని. అటు తను కూడా అంతే.

“వంగిందాక్కా?”

“ఆడనే ఉండాది.”

“నాది రోంత వచ్చినట్లుంది. సూడు, సూడు.”

చూసేదాన్ని. నిజంగానే వచ్చేది.

నెలనెలా ఇద్దరం ప్రొద్దుటూరు ఆసుపత్రికి ఒకే రోజు వచ్చేవాళ్లం. సర్జన్ ప్లాస్టిక్ కొలబద్ద పెట్టి కోణం చూసేవాడు. మొదటిసారి ఇద్దరిదీ దాదాపు సమానం. రెండోసారి తనది ముందుకుపోయింది. ఆ తర్వాత నాది ఆగిపోయింది. ఎందుకని అడిగాను.

“ఒక్కొక్కరి కండ ఒక్కో తీరమ్మా. మీ ఎముక లోపల ఎక్కువ ముక్కలైంది, బయటి కడ్డీలు కూడా ఎక్కువకాలం ఉన్నాయి. మీరు చేయాల్సింది చేశారు,” అన్నాడు. “కుర్చీలో కూర్చోడానికి, మెట్లు ఎక్కడానికి చాలు. నేలమీద మఠం వేసుకోవడం మాత్రం ఆశపెట్టుకోవద్దు.”

బయటికి వచ్చాక తను నా చెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ వాగే మనిషి ఆ రోజు హోటల్లో దోసె తిన్నంతసేపూ మాట్లాడలేదు. నాకే ఇబ్బందిగా ఉండి, “ఏందట్ల కూర్చున్నావు? కుర్చీ ఉంటే చాలదా నాకు?” అన్నాను. తన కాలు అంతలా వంగినందుకు నాకు సంతోషంగానే ఉండింది. అయితే ఆ రోజు నుంచి సాయంత్రం ఫోనులో తను కాలు కనిపించకుండా ఫోను పైకి పెట్టుకోవడం గమనించాను. మొహం ఒక్కటే కనిపించేది. ఆ తర్వాత రోజు విడిచి రోజు మాట్లాడుకున్నాం. తర్వాత వారానికోసారి.

ఒకరోజు మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ఫోను వచ్చింది. వీసా వచ్చిందని, మెడికల్ పరీక్ష కూడా అయిపోయిందని చెప్పింది. “నువ్వు రావాలక్కా. రాకుంటే పోను,” అంది.

ఆదివారం పులివెందుల పోయాను. ముందు తమ్ముడి ఇంటికి పోయి, అక్కడి నుంచి ఆటోలో వాళ్లింటికి పోయాను. చిన్న ఇల్లు, రేకుల వసారా. తనే ఎదురొచ్చింది, కర్ర లేకుండా. వాళ్లమ్మ నాకు కుర్చీ వేసింది. బంధువులు చాలామంది వచ్చారు. భోజనాలకు దస్తర్ఖాన్ గుడ్డ పరిచి అందరూ నేలమీద కూర్చున్నారు. తను రెండు మోకాళ్లూ మడిచి వాళ్ల మధ్య కూర్చుని అన్నం వడ్డించింది. ఆ ఎడమ మోకాలిని చూస్తూ ఉండిపోయాను. అది ఎంత కష్టపడితే వచ్చిందో ఆ గదిలో వాళ్లమ్మకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

కాసేపటికి తను లేచి, పళ్లెం పట్టుకుని వచ్చి నా పక్కన గుమ్మం మెట్టు మీద కూర్చుంది.

“ఈడ కూర్చున్యావేమ్మే? పో, అందరూ ఆడుండారు.”

“ఉండనీలే. వాళ్లను రోజూ సూస్తాండా.”

ఇద్దరం తిన్నాం. కువైట్ పోయాక మెట్లు ఒకేసారి ఎక్కువ ఎక్కొద్దని, రాత్రి కాలు దిండు మీద పెట్టుకుని పడుకొమ్మని చెప్పాను. అవన్నీ తనకు తెలిసినవే. తలూపింది. వచ్చేటప్పుడు వాళ్లమ్మ వీధి మలుపు దాకా వచ్చి ఆటో ఎక్కించింది. “బిడ్డ పోతే ఇల్లు బోసిపోతాదమ్మా,” అంది. నేను ఆమె చేతిని కాసేపు పట్టుకున్నాను. నాకూ అలాగే ఉంటుందని చెప్పాలనిపించింది. తల్లి ముందు ఆ మాట ఎలా అంటాను?

కువైట్ నుంచి మొదట్లో శుక్రవారాలు ఫోను వచ్చేది. వెనక గాలి హోరులో తన మాట సగమే వినిపించేది. పక్కనుంచి ఒక మగగొంతు నెమ్మదిగా ఏదో అనేది, తను నవ్వేది. తర్వాత వాయిస్ మెసేజీలు వచ్చేవి. ఇప్పుడు పండగకు ఫోనులో ఒక శుభాకాంక్షల బొమ్మ వస్తుంది, నేనూ ఒక బొమ్మ పంపుతాను. నాకు కోపం లేదు. తనకు కావాల్సింది తనకు దొరికింది. నాకు కావాల్సింది కూడా చాలావరకు దొరికింది. ఆఫీసులో బల్ల కింద అట్టపెట్టె తీసేశాను. ఒక్కో మెట్టుకు ఒక్కో కాలు వేసి ఎక్కుతాను. అయితే సాయంత్రం ఆ వేళకు మంచం అంచున కూర్చుని కాలు నొక్కుకోవడం మాత్రం ఇంకా మానలేదు. అవసరం లేదని డాక్టరు చెప్పినా మానలేదు.

ఆఖరి పరీక్షకు ప్రొద్దుటూరు పోయినప్పుడు ఆసుపత్రి వరండాలో ఒకాయన కూర్చుని ఉన్నాడు. మైదుకూరు వైపు రైతు. బెంచీ మీద అడ్డంగా కూర్చుని, వంగని కాలును బెంచీ పొడుగునా చాపుకుని ఉన్నాడు. నన్ను చూసి కాలు దించబోయాడు.

“ఉండనీప్పా. నేను ఈ కొసన కూర్చుంటాలే,” అన్నాను.

ఆయన నా మోకాలి వైపు చూశాడు. “నీక్కూడా ఇదే ఆపరేషన్ అంట గదమ్మా. నర్సు చెప్పింది. శానా నొప్పా?”

“శానా,” అన్నాను. అబద్ధం చెప్పాలనిపించలేదు. “అయినా ఓర్చుకోవచ్చు. యంత్రం మీద ఉన్నప్పుడు ఎవరన్నా మాట్లాడుతాంటే తెలీదు. ఒక్కనివే రావద్దు. తోడు ఎవరినన్నా పిల్చుకొని రా.”

ఆయన తన కాలి మీద అరచెయ్యి ఆనించాడు.

“ఎవరుండారమ్మా?” అన్నాడు.

నేను బెంచీ కొసనుంచి కొంచెం ఆయన వైపు జరిగాను. లోపలి నుంచి ఆయన పేరు పిలిచేదాకా ఇద్దరం ఆ బెంచీ మీద అలాగే కూర్చున్నాం.